ఏ వాగూ నదిలో కలవని దేశం

నేను మొదట ఉద్యోగంలో చేరిన కంపెనీ లాబీలో ఒక కంప్యూటరు ఉండేది. మనిషికన్నా ఎత్తు, నల్ల గాజు తలుపు, లోపల వరుసలు వరుసలుగా పచ్చటి చిన్న దీపాలు. పత్రికలవాళ్ళు వస్తే దాని ముందే ఫోటో తీసుకునేవారు. మా ఆఫీసు న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోకి పది నిమిషాల దూరంలో ఉండేది. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా ఇవాళ ఎవరికీ గుర్తుండదు. ఆ మేరకు లోకం న్యాయంగానే నడుస్తోంది.

అప్పట్లో కంప్యూటరంటే లోపల ఒకే బుర్ర. ఎంత పెద్ద పనైనా అది ఒకదాని తర్వాత ఒకటిగా చేసుకుపోయేది. మావాళ్ళు వెయ్యి చిన్న బుర్రల్ని ఒక పెట్టెలో కూర్చి, అన్నీ ఒకేసారి పనిచేస్తాయి కనక పని వెయ్యి రెట్లు త్వరగా అవుతుందని చెప్పి అమ్మేవారు. దాన్ని పేరలల్ కంప్యూటర్ అనేవారు. అలాంటి కంపెనీలు ఆ రోజుల్లో దేశమంతా పుట్టగొడుగుల్లా లేచాయి. ఆలోచన మంచిదే. ఇవాళ మీ జేబులో ఫోను నడిచేది కూడా దాని మీదే. కానీ పెళ్ళివంటలో వంద మంది కూరలు తరగగలరు, వంద మందీ కలిసి ఒక్క గరిటె తిప్పలేరు. ఏ పని పంచుకోవచ్చో ఏది పంచుకోలేమో మా ఊరి వంటమేస్త్రీకి తెలుసు. మా ఫౌండరుకీ తెలుసు. తెలియనట్టు కనపడటమే ఆయన వృత్తి.

ఆయన ఒకప్పుడు ప్రొఫెసరు. సాక్సు లేకుండా బూట్లు వేసుకునేవాడు. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. పైకి చూసి కాసేపు ఆగేవాడు. ఆ ఆగడం చూసి ఎదుటివాళ్ళు ఈయన ఎంత లోతుగా ఆలోచిస్తున్నాడో అనుకునేవారు. మూడేళ్ళు దగ్గర్నుంచి చూశాను. ఆయన ఆలోచించడం లేదు. ఆగుతున్నాడు, అంతే.

నేను చేరిన వారంలోనే లాబీలో కంప్యూటరు సంగతి తెలిసింది. తెలియజేసినవాడు మా హార్డ్‌వేర్ ఇంజనీరు, కరీంనగర్ మనిషి. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఆఫీసులో తెలుగువాళ్ళం మేమిద్దరమే కావడంతో మొదటి రోజే నేను చెల్లెలినయ్యాను, ఆయన అన్న అయ్యాడు.

"చెల్లె, ఇటు రా. ఒకటి చూపిస్త," అని నన్ను ఆ నల్ల పెట్టె వెనక్కి తీసుకుపోయి తలుపు తీశాడు.

లోపల చెక్క పలకలు. దీపాలు వెలిగించడానికి ఒక చిన్న బోర్డు. మూలన ఎవరిదో గొడుగు. ఇంకేం లేదు.

"ఏంటన్నా ఇది?"

"గిదే మన కంప్యూటర్. దీపావళి సీరియల్ సెట్టు."

అసలు మెషీన్ వెనక గదిలో ఉండేది. దానికి తలుపులు ఊడదీసి, మూడు టేబుల్ ఫ్యాన్లు పెట్టి గాలి తోలేవారు. అయినా వేడికి రోజూ కొన్ని బోర్డులు చచ్చేవి. చచ్చినవి ఏవో కనిపెట్టి, లాగేసి, కొత్తవి గుచ్చడం అన్న పని. నా పని, కొనడానికి వచ్చేవాళ్ళ ప్రోగ్రాములు తీసుకుని ఆ మెషీన్ మీద నడిచేలా మార్చి రాయడం. మా ఇద్దరి పైన సేల్స్ వైస్ ప్రెసిడెంట్ ఉండేవాడు. గదిలోకి ముందు అతని సెంటు వచ్చేది, తర్వాత అతను వచ్చేవాడు. నా పేరు నోరు తిరగదని మొదటి అక్షరమొక్కటే ఉంచుకుని మిగతాది పారేశాడు.

రెండో ఏడు శీతాకాలంలో ఒక పెద్ద గిరాకీ తగిలింది. మిడ్‌వెస్ట్‌లో ఒక రాష్ట్రానికి వరదల అంచనాలు వేసే ఆఫీసు. వానలు పడి మంచు కరిగితే ఏ నది ఎక్కడ ఎంత లేస్తుందో ముందే లెక్కగట్టి ఊళ్ళకు చెప్పడం వాళ్ళ బాధ్యత. ఆ ఆఫీసు డైరెక్టరు, వాళ్ళ ప్రోగ్రామరు కలిసి వచ్చారు. డైరెక్టరు లాబీలో దీపాలు చూసి అక్కడే బుట్టలో పడిపోయాడు. ప్రోగ్రామరు అరవైకి దగ్గరపడ్డ అమెరికన్ ఆవిడ. తెల్లజుట్టు, ఊలు స్వెట్టరు, చంకలో లావాటి ప్రింటౌట్ల కట్ట. నదుల ప్రోగ్రాము ఇరవై ఏళ్ళుగా ఆవిడే రాస్తూ వచ్చింది.

వైస్ ప్రెసిడెంట్ గంటసేపు స్లైడ్లు చూపించాడు. అంతా అయ్యాక ఆవిడ ఒక్కటే అడిగింది.

"మీ ప్రోగ్రాములు ఎంత వేగమో విన్నాను. నా ప్రోగ్రాము మీ మెషీన్ మీద ఎంతసేపు పడుతుంది?"

ఆ ప్రశ్న మమ్మల్ని అంత సూటిగా అంతకుముందు ఎవరూ అడగలేదు. వైస్ ప్రెసిడెంట్ నా భుజం మీద చెయ్యేసి, మూడు నెలల్లో ఈ అమ్మాయి మీకు చూపిస్తుంది అన్నాడు.

మూడు నెలలు ఆ ప్రింటౌట్లతోనే బతికాను. అంత జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాము అప్పటికి నేను చూడలేదు. కానీ నది తీరే వేరు. పైనున్న వాగులో నీళ్ళెన్నో తేలితే తప్ప అది కలిసే ఏట్లో ఎన్నో తెలియదు. ఏట్లో తేలితే తప్ప నదిలో తెలియదు. పై ఊరి లెక్క అయ్యేదాకా కింది ఊరి లెక్క మొదలుపెట్టడానికి లేదు. మా వెయ్యి బుర్రల్లో ఒకటి పనిచేస్తుంటే తొమ్మిది వందల చిల్లర నోరు తెరుచుకుని చూస్తూ కూర్చునేవి. ఎన్ని విధాల తిప్పి రాసినా వాళ్ళ పాత మెషీన్‌కన్నా మాదే నెమ్మది. కాస్త కాదు, రెట్టింపు.

ఆ సంగతి వైస్ ప్రెసిడెంట్‌కి చెప్పాను. అతను ఏమాత్రం కంగారుపడలేదు.

"ఎక్కడ ఆలస్యమవుతోంది?"

"వాగులు కలిసేచోట."

"అయితే కలపకు."

మొదట అర్థం కాలేదు. అతను ఓపిగ్గా విడమరిచాడు. వెయ్యి వాగులు తీసుకో. ఒక్కో బుర్రకు ఒక్కో వాగు ఇవ్వు. దేనికదే లెక్క కడుతుంది. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు. ఎంత వేగం వస్తుందో ఆ అంకె స్లైడ్ మీద వెయ్యి. కలపడం తర్వాతి రిలీజ్‌లో అని చెబుదాం.

"కలవకపోతే అవి నదులు కావు కదా," అన్నాను.

"మనం నదులు అమ్మడం లేదు," అన్నాడు.

ఫౌండరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పైకి చూసి ఆగాడు. ఆగి, "ప్రజలకు ముందు కల చూపించాలి, తర్వాత యంత్రం," అన్నాడు. ఇంత పెద్దమనిషి ఇంత చవకబారు మాట అనడం నేను అప్పటిదాకా వినలేదు. ఆయన పట్ల నాకున్న గౌరవం ఆ మధ్యాహ్నమే పోయింది. కానీ గౌరవం పోవడం వేరు, రాజీనామా ఇవ్వడం వేరు. కంపెనీ నా గ్రీన్ కార్డ్ ఫైల్ చేసి ఉంది, ఉద్యోగం వదిలితే అది అక్కడితో ఆగిపోతుంది. సీటుకి తిరిగొచ్చి, అడిగినట్టే రాశాను.

ఏ వాగూ ఏ నదిలోనూ కలవని ఒక దేశాన్ని తయారుచేశాను. చాలా అందంగా నడిచేది. స్క్రీన్ మీద వెయ్యి నీలం గీతలు ఒక్కసారిగా ఉబ్బేవి, తగ్గేవి. నేను చూపించిన ధైర్యమల్లా ఒకటే. ప్రోగ్రాములో ఒక మూల, మెషీన్ పట్టించుకోని కామెంట్‌గా, 'కలిసే లెక్క డెమో కోసం తీసేశాను' అని ఒక లైను రాసి పెట్టాను. అదీ ఎవరూ చదవరన్న భరోసాతోనే.

డెమో రోజు డైరెక్టరు, ఆ ప్రోగ్రామరు ఆవిడ, వైస్ ప్రెసిడెంట్, ఫౌండరు, నేను గదిలో ఉన్నాం. మెషీన్ మధ్యలో వేడెక్కి ఆగిపోకుండా చూడటానికి అన్న వెనక స్టూలు మీద కూర్చున్నాడు. నీలం గీతలు ఉబ్బాయి. డైరెక్టరు చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. ఆవిడ స్క్రీన్‌కి దగ్గరగా వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో కలిసే లెక్క ఉందా?"

"దాదాపు అయిపోయింది. తర్వాతి రిలీజ్," అన్నాడు వైస్ ప్రెసిడెంట్.

ఆవిడ అతని వైపు తిరగనైనా లేదు. నా వైపు చూసింది. "నువ్వు చెప్పు. ఉందా?"

నాకు తెలిసిన ఇంగ్లీషంతా ఆ క్షణంలో ఎటుపోయిందో తెలియదు. నవ్వాను. తల ఊపాను. అది అవునూ కాదు, కాదూ కాదు. మనవాళ్ళం ఊపే ఆ అడ్డదిడ్డపు ఊపుడు నా జన్మలో ఎప్పుడూ అంత నీచంగా వాడుకోలేదు.

ఆవిడ గది చివరకు చూసింది. అక్కడ స్టూలు మీద అన్న ఉన్నాడు.

"మీరు ఈ మెషీన్ చూసుకునే ఇంజనీరు కదా? మీరు చెప్పండి."

అన్న లేచి నిలబడ్డాడు. అమ్మకాల సంగతి తనకు సంబంధం లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. "లేదు మేడమ్," అన్నాడు. "ఇందులో నది లేదు. వాగులే ఉన్నాయి. కలిపితే మీ పాత మెషీనే నయం."

ఫౌండరు పైకి చూసి ఆగాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆయనకు నిజంగానే మాట దొరకలేదు.

శుక్రవారానికి అన్న ఉద్యోగం పోయింది. పనితీరు బాగాలేదని కాగితంలో రాశారు. రోజూ చచ్చే మెషీన్‌కి రోజూ ప్రాణం పోసినవాడికి ఆ మాట రాసినవాళ్ళు ఆ సాయంత్రమే కేకు కోసుకున్నారు. ఎందుకంటే డైరెక్టరు ఎలాగూ కొన్నాడు. ఆవిడ వద్దందట. అతను వినలేదు. అతనికి వరదలకన్నా దీపాలు ముఖ్యం.

నాకు గ్రీన్ కార్డ్ ఫైలైనా ఉంది. అన్న అప్పటికి వీసా మీదే ఉన్నాడు, ఇంట్లో వదినకు ఏడో నెల. పోయేది నాకన్నా ఆయనకే ఎక్కువ. అయినా నోరు తెరిచింది ఆయనే.

శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్లు ఎదురెదురు బిల్డింగుల్లోనే. వదిన చేతి సర్వపిండి తినని వారం అప్పటికి లేదు. చేయగానే బాల్కనీలోంచి నన్ను పేరు పెట్టి పిలిచేది. ఆ రోజు హాల్లో అట్టపెట్టెలు ఉన్నాయి. అరిజోనాలో, చాండ్లర్‌లో చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో తెలిసినాయన ఒకరు ఇంటర్వ్యూకి రమ్మన్నాడని, వీసా మార్చడానికి వాళ్ళు ఒప్పుకోవచ్చని అన్న చెప్పాడు.

"ఏం గాదు చెల్లె. గీడ మెషీన్‌ని చల్లబెట్టినోణ్ణి, గాడ ఎండల నన్ను నేను చల్లబెట్టుకోలేనా?" అని నవ్వాడు.

వదిన నవ్వలేదు. పెట్టెకు టేపు అంటిస్తూ తలెత్తకుండా అడిగింది.

"నువ్వు గూడ నోరు తెరిస్తే నీ ఉద్యోగం గూడ పోతుండె. ఒప్పుకుంట. గని ఆయన చెప్పినంక, 'అవు, ఆయన చెప్పింది నిజమే' అని ఒక్క ముక్క అనరాకపాయెనా?"

ఒక పెట్టెకు నేను టేపు వేయబోతే వదిన నా చేతిలోంచి టేపు తీసేసుకుంది. రెండు వారాల తర్వాత వాళ్ళు ఏసీ పనిచేయని కార్లో దేశం ఆ చివరికి బయల్దేరారు. వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను. ఊపడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని.

ఆ ఎండాకాలం చివర్లో మెషీన్ బిగించడానికి నన్ను ఆ వరదల ఆఫీసుకు పంపారు. ప్రవేశద్వారం పక్కనే అద్దాల గది కట్టి అందులో పెట్టించాడు డైరెక్టరు. ఎవరో పెద్ద నాయకుడొచ్చి రిబ్బను కోశాడు. అందరూ వెళ్ళిపోయాక ప్రోగ్రామరు ఆవిడ నన్ను కింది అంతస్తుకు తీసుకుపోయింది. అక్కడ వాళ్ళ పాత మెషీన్ నడుస్తోంది. అది తీసేయమని డైరెక్టరు సంతకం పెట్టాడట. ఈవిడ తీయలేదు.

"అంచనాలు ఇక్కడినుంచే వెళతాయి. పైనది చూడటానికి వచ్చేవాళ్ళ కోసం," అంది.

తర్వాత నా ప్రోగ్రాము ప్రింటౌటు తీసి బల్ల మీద పరిచింది. నేను కామెంట్ రాసిన లైను కింద పెన్సిల్ గీత ఉంది.

"మొత్తం చదివాను. చాలా శుభ్రంగా రాశావు. అందుకే కోపం వచ్చింది. చేతకానివాళ్ళ మీద నాకు కోపం రాదు." కాగితం మడిచి లోపల పెట్టుకుంటూ, "స్టూలు మీద కూర్చున్న ఆయన ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

"తీసేశారు," అన్నాను.

ఆవిడ నాకు పైకి దారి చూపించి, మళ్ళీ కిందికి వెళ్ళిపోయింది. తర్వాతి వసంతంలో ఆ రాష్ట్రంలో నదులు బాగానే పొంగాయి. ఊళ్ళను వేళకే ఖాళీ చేయించారని పేపర్లో చదివాను. పక్కన మా మెషీన్ ఫోటో వేశారు.

మరో ఏడాదికి కంపెనీ మూతపడింది. ఒకరోజు పొద్దున్నే అందర్నీ లాబీలోకి పిలిచి ఫౌండరు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "లోకం మనకోసం సిద్ధంగా లేదు," అన్నాడు. లోకం సిద్ధంగానే ఉంది. మాట ప్రకారం నడిచే మెషీన్ ఇవ్వలేకపోయింది మేమే. దీపాల పెట్టెను ఒక మ్యూజియం తీసుకుంది. దాని కింద బోర్డు మీద వెయ్యి ప్రాసెసర్ల కంప్యూటరని రాసి ఉందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. గొడుగు సంగతి రాసి ఉండదు. కంపెనీ మూతపడక ముందే నాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. తర్వాత బ్యాంకుల్లో, మందుల కంపెనీల్లో ఎవరూ చప్పట్లు కొట్టని ఉద్యోగాలు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో ఉంటున్నాను.

పోయిన సంవత్సరం మా వీధిలో స్నేహితుల అమ్మాయి ఒకతె ఇంటికొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఏఐ కంపెనీలో పనిచేస్తుంది. వాళ్ళ గ్రూపు వాళ్ళు పాతకాలపు పేరలల్ కంప్యూటర్ల మీద ఒక సభ పెడుతున్నారట. మా ఫౌండరు వీడియోలో మాట్లాడతాడట.

"ఆంటీ, నువ్వు నిజంగా అక్కడ వర్క్ చేశావ్? సో కూల్! నువ్వు కూడా స్టేజ్ మీదకి రావాలి, ప్లీజ్."

వెళ్ళాను. తొంభైకి దగ్గరపడ్డ ఆ ముఖం గోడంత తెర మీద కనపడింది. కాళ్ళు కనపడలేదు కాబట్టి సాక్సుల సంగతి చెప్పలేను. ఈనాటి ఏఐ అంతా తమ భుజాల మీదే నిలబడిందన్నాడు. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత వాళ్ళలో ఇద్దరు తమ కంపెనీల స్లైడ్లు చూపించారు. ఆ అంకెలు నా పాత అంకెలకు మనవల్లా ఉన్నాయి. అదే ముక్కు, అదే మొహం.

నా వంతు వచ్చినప్పుడు వాగుల కథ చెప్పాను. పేర్లు లేకుండా, జరిగింది జరిగినట్టు. నేను తల ఊపిన సంగతితో సహా. తెర మీద ఫౌండరు పైకి చూసి ఆగాడు. ఆగి, "ప్రజలకు ముందు కల చూపించాలి, తర్వాత యంత్రం," అన్నాడు. అదే మాట, ముప్ఫై ఏళ్ళు దాటినా ఒక్క అక్షరం ఖర్చుపెట్టి మార్చలేదు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఎదుట మనిషి ఉండాలి.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఒక కుర్రాడు ఆపాడు. ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాడట.

"ఆంటీ, ఆ స్టూల్ మీద అన్న... తర్వాత ఏమయ్యాడు?"

"చాండ్లర్‌లో జాబ్ వచ్చిందని విన్నాను."

"విన్నారా? అంటే మీరు మళ్ళీ కాల్ చేయలేదా?"

లేదన్నాను. వాడు మర్యాదస్తుడు, సరే ఆంటీ అన్నాడు. కానీ వాడి ముఖంలో ఒక చూపు మెదిలి పోయింది. ఇంతసేపూ నేను ఫౌండరు వైపు చూసిన చూపు అదే.

చాండ్లర్‌లో తెలిసినవాళ్ళను పట్టుకుని నంబరు సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది. ఇన్నేళ్ళూ అడ్డంగా ఉన్నది ఆ నాలుగు రోజుల పనే. ఫోన్ ఎత్తింది అన్నే. గొంతు లావైంది కానీ యాస మారలేదు.

"చెల్లె! నువ్వా! ఎన్నేండ్లాయె!" అని గట్టిగా నవ్వాడు. అదే ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాడట. అప్పుడు కడుపులో ఉన్న కూతురు ఇప్పుడు డాక్టరట. నేను క్షమించమని మొదలుపెడితే వినిపించుకోలేదు. "గా వాగుల ముచ్చట ఇంక యాదున్నదా నీకు? నేనెప్పుడో మర్చిపోయిన. ఇగో, మీ వదినకిస్తున్న."

ఫోన్ చేతులు మారింది. 

"ఆయన మర్చిపోయిండు," అంది వదిన. "నేను మర్చిపోలే. న్యూమెక్సికోల కారు ఆగిపోతే ఎండల నాలుగు గంటలు నిలబడ్డ, కడుపుతోని. రోడ్డు మీద నిలబడి నిన్నే తిట్టుకున్న. గా కంపెనీవోళ్ళను గాదు, నిన్ను. వాళ్ళెవరో నాకెరుకలేదు. నువ్వు నా చేతి అన్నం తిన్నదానివి."

"నిజమే వదినా," అన్నాను. ఎన్నో ఏళ్ళ కిందట అనాల్సిన మాట.

"చాండ్లర్ దిక్కు వస్తె ఇంటికి రా. అన్నం పెడత. గంతే, ఇంక వేరే ఏం అనుకోకు."

వేరే ఏమీ అనుకోలేదు. మర్నాడు చాండ్లర్ పక్కనున్న ఫీనిక్స్‌కి టికెట్ బుక్ చేసుకున్నాను. వెళ్ళాను, తిన్నాను. అన్న ఆపకుండా కబుర్లు చెప్పాడు. వదిన కావలసినంత వడ్డించింది, తక్కువ చేయలేదు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు.